లైన్లో నీలి డబ్బా

గడియ పెట్టింది పెట్టినట్టే ఉంది. కడుపులో ఉన్నదంతా పోయి చాలాసేపయింది, అయినా వజ్రమ్మ బయటికి రాలేదు. సండాసులో డబ్బా పెట్టుకోవడానికి గోడకు ఆనించి కట్టిన సిమెంటు గట్టు మీద కూలబడి, నీలిరంగు డబ్బాను ఒళ్ళో పెట్టుకుని, తలుపు కింది సందులోంచి బయటి కాళ్ళను చూస్తోంది. ఆ పగిలిన మడమలు మూలగది బుచ్చన్నవి, రబ్బరు చెప్పుల్లో ఎర్ర గోళ్ళరంగు కోడలు స్నేహల్‌ది, వాటి వెనకాల నిలబడలేక కాలు మార్చి కాలు వేస్తున్నవి ఎవరివో. పొద్దున్నే ఈ అంతస్తు మొత్తానికీ ఇదే వేళ. మూడు సండాసుల్లో ఒకదానికి తలుపు లేదు, ఇంకొకటి వానాకాలం నుంచీ నిండిపోయి ఉంది, మిగిలింది ఇదొక్కటే, ఇందులో తను. కింద ముంబై ఫాక్‌లాండ్ రోడ్డు మలుపులో టాక్సీ ఆగి ఉంటుంది, కొడుకు అనికేత్ దాని పక్కన నిలబడి పైకి చూస్తుంటాడు. ఆసుపత్రిలో పొద్దున్నే చీటీ తీసుకోకపోతే ఇవాళ మందు ఎక్కించరు, వచ్చేవారం రమ్మంటారు. అంటే ఏం లేదు, ఇంకాసేపు ఇలా కూర్చుంటే చాలు. ఎవరితోనూ వాదించక్కర్లేదు, నేను రాను అని నోరు తెరిచి చెప్పక్కర్లేదు, చెప్పాలన్నా ఆ నోరెక్కడుంది, లోపలంతా పుళ్ళే కదా. వచ్చేవారం కూడా ఇలాగే కూర్చోవచ్చు, ఆ పై వారమూ కూర్చోవచ్చు. ఇంత సులువైన దారి ఇన్నాళ్ళూ తనకెందుకు తోచలేదో, ఎంత పిచ్చిది తను!

మొదట ఎర్ర మందు ఎక్కించారు. చూస్తే రోజా షర్బతులా ఉంటుంది, నరంలోకి పోతుంటే చెయ్యంతా చల్లబడి బిగుసుకుపోతుంది. ఆ రోజు ఇంటికొచ్చి ఇక్కడే, ఇదే సండాసులో, ఉచ్చ ఎర్రగా పడితే నెత్తురే అనుకుని గోడ పట్టుకుని అరిచింది, ఆ అరుపుకు అంతస్తంతా పరిగెత్తుకొచ్చింది. తర్వాత జుట్టు. సగం దిండుకే అంటుకుపోయింది, మిగతా సగం స్నేహల్ కత్తెరతో తీసేసింది. తీస్తూ ఏడ్చింది పిల్ల, వజ్రమ్మే ఊరుకోబెట్టింది, వెంట్రుకలే గదా అంది. అంది గానీ ఆషాఢంలో గల్లీలో బోనాలు లేచిన రోజు, డప్పులు మోగుతుంటే, మొగుడు పోయాక కూడా ఎవరేమనుకున్నా మానకుండా ఎత్తిన బోనాన్ని ఎత్తలేక, కొంగు నెత్తిన కప్పుకుని వరండాలో కూర్చుంటే, కింద నడుస్తున్న ఆడవాళ్ళ వీపుల మీద జడలు, ఎన్ని జడలు, ఎంత పొడుగు జడలు, చూడలేక లేచి లోపలికొచ్చి గోడ వైపు తిరిగి పడుకుంది. అదీ అయిందనుకుంటే ఆ తర్వాత తెల్ల మందు. చూడ్డానికి నీళ్ళలా అమాయకంగా ఉంటుంది, దొంగముండది, అసలు పనంతా అదే చేసింది. ముందు వేలికొసల్లో చీమలు పాకాయి, తర్వాత ఏమీ లేదు, ఏమీ అంటే ఏమీ లేదు. వజ్రమ్మ చేతి జొన్నరొట్టె కోసం పాలమూరు నుంచి కూలికొచ్చిన మనుషులు నాగ్‌పాడాలో పని దిగి, సిమెంటు చేతులు కడుక్కుని, ఈ మెట్లెక్కి వచ్చేవాళ్ళు. పిండి ఇంకెంత తడి అడుగుతోందో, అంచు ఎక్కడ చీలబోతోందో, ఇన్నేళ్ళలో కళ్ళు పెట్టి చూసింది లేదు, అంతా వేళ్ళకే తెలుసు. ఆ తెల్ల మందు తర్వాత ఒకరోజు, మంచానికే అంటుకుపోతే ఎలా అని పెనం ముందు కూర్చుంది. రొట్టె తిప్పింది, కమురు కంపు కొట్టింది, మాడిపోయిందే అని వంగి చూస్తే రొట్టె బాగానే ఉంది, కాలుతున్నవి తన వేళ్ళు. నొప్పి లేదు. నొప్పి లేకపోవడం ఇంత భయం పుట్టిస్తుందని ఆ డాక్టరమ్మకు తెలుసా? తెలిసే ఎక్కిస్తోందా? ఇప్పుడు గోళ్ళు నల్లబడి లేచిపోతున్నాయి. కాళ్ళూ అంతే, వరండా చివరిదాకా నడిచొచ్చి కిందికి చూసుకుంటే ఒక కాలికే చెప్పు ఉంటుంది, రెండోది ఎక్కడ జారిందో వెనక్కి తిరిగి వెతుక్కోవాలి.

“అత్తా, ఝాలె కా?”

అయిందా అని అడుగుతోంది స్నేహల్. సాతారా వైపు మరాఠీ పిల్ల, వరండా పొడవునా ఒంటిగదులుండే ఈ చాల్‌లో కాపురం పెట్టాక తెలుగు నేర్చింది, కంగారులో ఉంటే సగం మరాఠీ దొర్లుతుంది. “టాక్సీవాలా ఒర్లుతుండు. నువ్వు సావకాశ్ రా, ఏం తొందర లేదు.”

టాక్సీవాడు ఒర్లుతున్నాడట, తొందర లేదట. వజ్రమ్మకు నవ్వు రాబోయి పెదవి చీలి ఉప్పగా తగిలింది, లేదు, ఉప్పు కాదు, ఇనుము. ఈ మధ్య ఏది తిన్నా ఇనుమే, అన్నం ఇనుము, మజ్జిగ ఇనుము, నీళ్ళు కూడా తాళంచెవి నోట్లో పెట్టుకున్నట్టు. ఊఁ అని మాత్రం అంది. బంగారం లాంటి పిల్ల, దానికి తను చేస్తున్నదేమిటి? నిన్న మధ్యాహ్నం, అబ్బా, తలుచుకోకూడదు అనుకుంటూనే తలుచుకుంటోంది, నిన్న మధ్యాహ్నం కడుపులో మెలి తిరగ్గానే డబ్బా పట్టుకుని లేచింది, కాళ్ళు మాట వినలేదు, వరండా సగం దాటిందో లేదో అంతా చీరలోనే అయిపోయింది, అందరి గుమ్మాల ముందూ, పట్టపగలు. స్నేహల్ బకెట్టుతో నీళ్ళు తెచ్చి నేల కడిగింది, తనను గోడకు నిలబెట్టి పసిపిల్లను కడిగినట్టు కడిగింది. అప్పుడే బడి నుంచి వచ్చిన రుతుజ మెట్ల మీద పుస్తకాల సంచితో నిలబడి ఉంది. మనవరాలు, నాయనమ్మ చెయ్యి మీద పడుకోనిదే నిద్రపోని పిల్ల. చూసింది. నాయనమ్మను అలా చూసింది. సాయంత్రం తన చాప తీసి అవతలి గోడకు జరుపుకుంది. ముక్కు మూసుకోలేదు, ముఖం చిట్లించలేదు, పరీక్షలున్నాయి చదువుకోవాలి అంది, ఎంత మర్యాదగా అంది. ఆ చాప నేల మీద జరిగిన చప్పుడు ఉంది చూశారూ, అంత చిన్న చప్పుడు, అది వజ్రమ్మ చెవుల్లోంచి పోవడం లేదు. బతికి ఏం చెయ్యాలి? ఇంకోసారి ఎక్కిస్తారు, ఇంకోసారి పేగులు నీళ్ళవుతాయి, ఇంకోసారి ఆ పిల్ల చూస్తుంది. రొమ్ములో గడ్డ సగమైందట, డాక్టరమ్మ నవ్వుతూ చెప్పింది. గడ్డ సగమైతే మనిషి ఎంత మిగిలిందో చూసిందా? వద్దు. చాలు. పోతే పోయింది ప్రాణం, ఒక్కసారే పోతుంది, రోజూ ఇంత ఇంత పోవడం కంటే నయం.

బయట ఎవరో దగ్గారు. మళ్ళీ నిశ్శబ్దం. అదేమిటి, ఇంతసేపైనా ఒక్కరూ తలుపు కొట్టరేం? ఈ అంతస్తులో పొద్దున్నే ఇంతసేపు లోపల కూర్చున్న మనిషి తిట్లు తినకుండా బయటికి రావడం ఎప్పుడైనా జరిగిందా? తలుపు బాదడంలో తనకంటే మొనగత్తె ఎవరు! ఏందయ్యా, లోపల అత్తగారిల్లున్నదా, అల్లం పచ్చడితోని భోజనం పెడ్తున్నరా అని అరిస్తే, ఎంతటి మగాడైనా బొత్తాలు పెట్టుకుంటూ పరిగెత్తుకొచ్చేవాడు. అదొక వేడుక. ఇక్కడ మనుషులు నిలబడరు, డబ్బాలు నిలబడతాయి. గోడ వెంట వరసగా గదికొక డబ్బా, రంగుడబ్బా, నూనెడబ్బా, మూతిపోయిన ప్లాస్టిక్ మగ్గు. ఏ డబ్బా ఎవరిదో అందరికీ తెలుసు, ఎవరి వంతొస్తే వాళ్ళను కేకేస్తారు, డబ్బా ఉన్నదంటే మనిషి ఉన్నట్టే. ఒకరి డబ్బాను ఇంకొకరు జరిపితే జుట్లు పట్టుకోవడమే. అలాంటిది తనకు జబ్బని తెలిసిన నాటి నుంచి తన డబ్బాను ఎవరో ఒకరు తీసుకెళ్ళి అందరికంటే ముందు పెడుతున్నారు. పెట్టి పక్కకు తప్పుకుంటున్నారు. మొదట్లో పాపం మంచివాళ్ళు అనుకుంది. ఇప్పుడు ఆ మంచితనం చూస్తే ఒళ్ళు జలదరిస్తోంది. “నిమ్మలంగ రానియ్యుండ్రి, తొందరేం లేదు,” అని బయట బుచ్చన్న ఎవరికో మెల్లగా చెబుతున్నాడు. చావు జరిగిన ఇంటి ముందు మాట్లాడే గొంతు అది. ఆ గొంతు, ఆ నిశ్శబ్దం, ఇవి తనకు తెలుసు. ఎక్కడ విన్నది?

సాయిలు డబ్బా ముందర. ఆఁ, అప్పుడే. ఒళ్ళో ఉన్న ఈ డబ్బానే. మొగుడు సాయిలు బిల్డింగులకు రంగులేసేవాడు, వర్లిలో ఏదో పెద్ద బిల్డింగు పని అయ్యాక మిగిలిన ఖాళీ డబ్బా తెచ్చి, తీగతో పట్టు కట్టి, నీలిరంగు చారలు తుడవకుండా అలాగే ఉంచాడు, నా డబ్బా చీకట్లో కూడా గుర్తుపట్టొచ్చు అనేవాడు. ఆ మనిషి ఒకరోజు గుండె ఆగి పోయాడు. దినాలయ్యాయి, చుట్టాలు పోయారు. ఆ మర్నాడు పొద్దున్న వజ్రమ్మ ముఖం కడుక్కోవడానికి వరండాలోకి వస్తే, అంతస్తంతా ఇలాగే నిశ్శబ్దంగా ఉంది. గోడ వెంట వరసలో అందరికంటే ముందు సాయిలు డబ్బా ఉంది. పక్కగది ముత్తమ్మ పని అది. అందరికంటే ముందు లేచే మనిషి, గుమ్మాల బయట ఉన్న డబ్బాలు ఏరి లైన్లో పెట్టడం దానికి రోజూ అలవాటు, ఆ అలవాటులో దీన్నీ తెచ్చి పెట్టేసింది. చూసుకునేసరికి వంతు వచ్చేసింది. సండాసు తలుపు తెరిచే ఉంది. ఎవరూ లోపలికి పోలేదు. ఎవరూ డబ్బాను జరపలేదు. పనికి పోయే మగవాళ్ళు, బడి పిల్లలు, అందరూ, సాయిలు లోపలుంటే ఎంతసేపు పట్టేదో అంతసేపూ అలా నిలబడ్డారు. అప్పుడు బుచ్చన్న వచ్చి రెండు చేతులతో డబ్బా ఎత్తి తెచ్చి వజ్రమ్మ గడప దగ్గర పెట్టాడు. తర్వాతి మనిషి లోపలికి పోయాడు. అప్పుడు వజ్రమ్మ ఏడవలేదు, ముత్తమ్మ మీదికి పోయింది. నా మొగుడు సచ్చిండని ముంబై అంతా ఎరుకున్నది, నీకు లేదానే అని నోటికొచ్చినట్టు తిట్టింది. చేతికేం ఎరుకనే తల్లీ, అలవాటున పెట్టింది అని ముత్తమ్మ చేతులు పట్టుకోబోతే విదిలించి కొట్టింది. ఆ తర్వాత ఏళ్ళ తరబడి ఇద్దరికీ మాటల్లేవు, నీళ్ళ దగ్గర తగాదా పడితే తిట్టుకోవడం తప్ప. అలాంటి ముత్తమ్మ మొన్న గిన్నెలో అంబలి పోసి, పైన కొంగు కప్పి పట్టుకొచ్చింది, తాగవే వజ్రమ్మా అని మెల్లగా అంది. తిట్టలేదు. ఎప్పటిలా వజ్రీ అనకుండా వజ్రమ్మ అని పూర్తిపేరు పెట్టి పిలిచింది. ఆ రోజు వజ్రమ్మకు నిజంగా భయమేసింది.

ఇప్పుడూ అదే జరుగుతోంది. తను లోపల ఊపిరి పీలుస్తూనే ఉంది, బయట వాళ్ళు సాయిలు డబ్బా ముందర నిలబడ్డట్టు నిలబడ్డారు. ఎంతసేపైనా నిలబడతారు. వాళ్ళ లెక్కలో తను పోయింది, కూర్చోనియ్యండి పాపం అంటున్నారు, ఇక ఎవరో వచ్చి రెండు చేతులతో ఎత్తుకుపోవడమే తరువాయి. నువ్వు కోరుకున్నదీ అదేగా, మరెందుకే ఏడుపు? కోరుకుంది, నిజమే, కానీ వీళ్ళు అంత తొందరగా ఒప్పుకోవాలా? ఒక్కరైనా వద్దనొద్దా? ఒక్కరైనా, ఏమే, బయటికి రా అని అనొద్దా? దేవుడా, ఎవరికీ కోపం కూడా రాని బతుకైపోయింది కదా. వజ్రమ్మ డబ్బాను పొట్టకు హత్తుకుని, శబ్దం రాకుండా, నోట్లో పుళ్ళు మండుతుంటే ఏడ్చింది.

ధన్ ధన్‌మని తలుపు దద్దరిల్లింది.

“ఏయ్ వజ్రీ! లోపల్నే కాపురం పెట్టినవా ఏంది? ఈడ నా పానం పోతున్నది, నువ్వాడ రాణిగారి లెక్క కూసున్నవా? సచ్చినవా బతికినవా, ఏదో ఒకటి చెప్పు, ఇంకోల్లకు జాగ ఇయ్యి!”

ముత్తమ్మ. బయట అందరూ ఒక్కసారే హుష్ హుష్ అన్నారు. “ఓ ముత్తమ్మా, మెల్లగ మాట్లాడు, బీమారు మనిషి,” అన్నాడు బుచ్చన్న.

“బీమారైతే? దానికే ఉన్నదా కడుపు, నాకు లేదా? అంబలి తాగిన గిన్నె గూడ ఇంకా ఇయ్యలే. రాయే బయటికి!” మళ్ళీ ధన్ ధన్.

ఒళ్ళంతా భగ్గుమంది వజ్రమ్మకు. ఎన్నాళ్ళయిందో ఇలా మండి! మందుకు వచ్చే మంట కాదు ఇది, తన సొంత మంట. గిన్నె గురించి అడుగుతోందా, ఇంతమందిలో! “నీ నోట్లె మన్నువడ! వస్తున్న ఆగవే!” అంది, గొంతు పెగిలి అంతమాట బయటికి రావడం చూసి తనే ఆశ్చర్యపోయింది. గోడ వెంట ఉన్న పైపు పట్టుకుని లేచింది. గడియ మీద చెయ్యి వేసింది. వేసిందని కళ్ళకు కనబడుతోంది, చేతికి తెలియడం లేదు. ఆ గడియను కొంచెం పైకెత్తి పక్కకు లాగాలి, తుప్పుపట్టింది, వేలికొసతో నేర్పుగా లేపాలి. లోపలికి వచ్చినప్పుడు మణికట్టుతో నెట్టి ఎలాగో వేసేసింది, ఇప్పుడు లేవడం లేదు. పట్టుకున్నాననుకుంటే వేళ్ళు గాలిని పట్టుకుని ఉన్నాయి. కుడి చెయ్యి, ఎడమ చెయ్యి. బొటనవేలి గోరు గడియకు తగులుకుని సగం లేచింది, నెత్తురు కారింది, అదీ చూస్తేనే తెలిసింది. రానని కూర్చోవడం వేరు, రాలేకపోవడం వేరు. ఇంతసేపూ తలుపు తను వేసుకున్నదనే అనుకుంది, ఇప్పుడు అదే తనను మూసేసినట్టయింది. గాలి చాలలేదు. గోడలు దగ్గరికొచ్చాయి. ఇక్కడా, ఈ కంపులోనా చావడం? వద్దు, ఇక్కడ వద్దు, ఇప్పుడు వద్దు, గిన్నె ఇవ్వాలి, రుతుజ చాప... అనికేతూ అని పిలుద్దామంటే, గడియ తీయలేకపోతున్నానని ఏ నోటితో చెబుతుంది, ముత్తమ్మ వినదూ?

కాళ్ళ దగ్గర డబ్బా దొర్లింది. వంగి, తీగ పట్టులోకి మణికట్టు దూర్చి, రెండు ముంజేతులతో ఎత్తి, అడుగు అంచుతో గడియను కింది నుంచి పొడిచింది. లేవలేదు. ఇంకోసారి. “సచ్చిననా నేను? సావలేదే! సావలేదింక!” పొడిచినప్పుడల్లా అదే మాట, డబ్బా సొట్టలు పడి నీలిరంగు పెచ్చులు కళ్ళలో పడుతున్నాయి, బయట కేకలు, అనికేత్ మెట్లెక్కి పరిగెత్తుకొచ్చిన చప్పుడు, అమ్మా పక్కకు జరుగు తలుపు తంతా అని అరుపు. “తన్నకు!” అంది వజ్రమ్మ. ఇంకోసారి పొడిచింది. గడియ కిర్రుమని లేచి పక్కకు పడింది.

తలుపు తెరుచుకోగానే వెలుతురు కొట్టింది. ముత్తమ్మ తనను భుజంతో నెట్టుకుని లోపలికి దూరుతూ ఒక్క క్షణం ఆగి, ముఖం చూసి, నెత్తురు కారే వేలు చూసి, తలుపు వేసుకుంది. దాని కళ్ళు తడిగా ఉన్నాయో, పొట్ట పట్టుకోలేక అలా ఉన్నాయో ఎవరికి తెలుసు. స్నేహల్ కొంగు చించి వేలికి చుట్టింది. అనికేత్ టాక్సీవాణ్ణి ఆపడానికి కిందికి పరిగెత్తాడు. ఎవరూ ఆమె కళ్ళలోకి చూడటం లేదు. వరండా చివర రుతుజ బడి బట్టల్లో నిలబడి చూస్తోంది. దగ్గరికి రాలేదు, వెనక్కీ పోలేదు.

వజ్రమ్మ గోడ పట్టుకుని నడిచి, డబ్బాల వరస చివరిదాకా పోయి, తన డబ్బాను అందరి డబ్బాల వెనక పెట్టింది. సొట్టలు పడి అది సరిగా నిలబడలేదు, కాలితో గోడకు ఆనించింది. బుచ్చన్న అలవాటు ప్రకారం వంగి దాన్ని ఎత్తి ముందుకు తీసుకుపోబోయాడు.

“ముట్టకు బుచ్చన్నా,” అంది. “ఎన్కనే ఉండనియ్. దవాఖానకు పోయొస్త. నేనొచ్చేదాంక లైను ఆగొద్దు, ఎవరి యాల్లకు ఆల్లు పోండ్రి. డబ్బా మాత్రం ఎవరన్న తీసిండ్రో, ఊకోను.”

బుచ్చన్న చేతులు వెనక్కి తీసుకున్నాడు. సండాసు లోపలి నుంచి ముత్తమ్మ గొంతు, “పోవే పో, నీ సొట్ట డబ్బా ఎవనికి గావాలె! వచ్చేటప్పుడు గిన్నె తోమి పట్టుకరా.”

ముక్కుతూ అన్న ఆ మాటకు లైన్లో ఎవరో కిసుక్కున నవ్వారు. వజ్రమ్మకు నవ్వు రాలేదు. కడుపులో అప్పుడే మళ్ళీ మెలి తిరుగుతోంది, నోట్లో ఇనుము ఊరుతోంది, మందు సీసా కళ్ళ ముందు ఆడుతోంది, ఇది తన వల్ల కాదు, కానే కాదు అనుకుంటూనే మెట్లు దిగడం మొదలుపెట్టింది. రెండో మలుపు దగ్గర వెనకాల చిన్న అడుగుల చప్పుడయింది. రుతుజ. చేతిలో నాయనమ్మ చెప్పు, ఎడమ కాలిది.

“ఆజీ, పైన్నే పడిపోయింది,” అని కింది మెట్టు మీద కూర్చుని పాదానికి తొడిగింది. ఆ చిన్న చెయ్యి తన పాదాన్ని పట్టుకున్నదని వజ్రమ్మ కళ్ళతో చూసి తెలుసుకుంది. ఏడుస్తూనే మిగతా మెట్లు దిగింది.